మేస్త్రి మీద ఫిర్యాదు

ఆ రోజు నవంబరు నాలుగు, మంగళవారం. పొద్దున మాస్టారు తిన్నది ఒక ఉడికిన గుడ్డు, ముందురోజు రొట్టెలో మిగిలిన రెండు ముక్కలు. రొట్టె గట్టిపడిపోతే టీలో ముంచుకుని తిన్నారు. ఇంత చిన్న సంగతి కూడా ఆయనకు గుర్తుండిపోయింది. ఆ సాయంత్రమే ఆయన ఒక మనిషిని మనసారా మెచ్చుకున్నారు మరి.

"మూడు నెలల్నించి చూస్తున్నా నాన్నా. ఇవాళైనా కొంటావా, లేకపోతే ఆ కాగితానికి అట్ట వేయించమంటావా?" అంది కూతురు, చెప్పులు తొడుక్కుంటూ. ఆమెకు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. ఆ వారమంతా పగటి డ్యూటీ.

కాగితం మీద నిలువుగా ఒక గీత ఉంది. గీతకు ఇటు పెద్ద రౌటర్, అటు చిన్న రౌటర్, రెండూ చెక్కలో గాడులు తొలిచే కరెంటు మిషన్లు. బరువు, వేగం, పట్టు, చప్పుడు అన్నీ మాస్టారి చక్కటి దస్తూరీలో. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పిన చెయ్యి కదా, గీత స్కేలు లేకుండానే సూటిగా వచ్చింది.

"జన్మకొక్కసారి కొనే వస్తువమ్మా. తొందరపడితే ఎలా?"

"నీ పెళ్ళికి కూడా ఇన్నాళ్ళు ఆలోచించి ఉండవు."

"దానికి మీ అమ్మ ఆలోచించింది" అన్నారాయన.

కూతురు నవ్వి వెళ్ళిపోయింది. ఆయన గిన్నె కడిగి బోర్లించి వెనకగదిలోకి వెళ్ళారు. ఒకప్పుడు పాత సామాన్లు పడేసే గది అది. ఇప్పుడు కిటికీ కింద ఒక బల్ల, గోడకు రంపం, చిత్రిక, నాలుగు ఉలులు. బల్ల మీద పుస్తకాల అరకు నిలువుపలకలు రెండున్నాయి. అడ్డపలకలు దూర్చడానికి వాటిలో పది గాడులు కొట్టాలి. రెండు నెలల్లో మూడే అయ్యాయి. కుడి బొటనవేలి కీలు అరిగిపోయిందన్నాడు డాక్టరు. ఉలి మీద సుత్తి పడ్డప్పుడల్లా ఆ నొప్పి మోచేతిదాకా పాకుతుంది. గాడి ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైనే వస్తోంది. ఒకప్పుడు అలాంటి గీత గీసిన కుర్రాళ్ళకు ఆయన సున్నా వేసేవారు కాదు, పక్కన కూర్చుని మళ్ళీ గీయించేవారు. ఇప్పుడు తన పక్కన కూర్చునేవాళ్ళెవరూ లేరు.

సాయంత్రం ఆయన వెళ్ళిన పనిముట్ల దుకాణం బజారు చివర ఉంది. గాజు అరల నిండా డ్రిల్లులు, రంపాలు. నడిమధ్య ఒక బల్ల, దానికి క్లాంపులతో బిగించిన పలక. బల్ల వెనకాల మేస్త్రి ఉంటాడు. కొనడానికి వచ్చినవాళ్ళకి మిషను నడిపి చూపించడం అతని పని. యాభై అయిదు దాటిన మనిషి. నిలబడి నిలబడి, ఎవరూ చూడనప్పుడు ఒక మోకాలు బల్ల కోడుకు ఆనించి బరువు దించుకుంటున్నాడు.

మాస్టారు కాగితం తీసి విప్పారు. మేస్త్రి దాని వంక చూడనేలేదు.

"చేతులు ఇలా పెట్టండి సార్" అన్నాడు.

మాస్టారు అరచేతులు చాచారు. మేస్త్రి కుడి బొటనవేలి మొదట్లో నొక్కాడు. ఆయన పెదవి బిగపట్టారు.

"ఎన్నాళ్ళనించి?"

"రెండేళ్ళు."

మేస్త్రి పెద్ద రౌటర్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. రెండు వైపులా రెండు పిడులు, కింద గుండ్రటి అడుగు. "కరెంటు లేదులెండి. ఊరికే పట్టుకుని నిలబడండి. నేను చెప్పిందాకా దించద్దు" అని బల్ల మీది పొట్టు ఊడ్చుకోసాగాడు. పొట్టంతా ఒక మూలకు చేర్చాడు, డబ్బాలోకి ఎత్తాడు, బ్రష్షు దులిపాడు. మాస్టారి మణికట్లు వణకడం మొదలుపెట్టాయి.

"ఇక చాలు సార్. ఇప్పుడు ఇది."

చిన్నది ఒక్క చేతిలో ఇమిడింది, మంచినీళ్ళ చెంబు పట్టుకున్నట్టు.

"ఏం చేస్తారు దీంతో?"

"పుస్తకాల అర. గాడులు కొట్టాలి."

"పనిచేసే గది ఎంతుంటుంది?"

"మంచం వేస్తే మనిషి పట్టడు."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"అయితే చిన్నది చాలు సార్. పెద్దది ఆన్ చెయ్యగానే చేతులు మెలిపెట్టేస్తుంది. రోజూ తలుపులు చేసి బతికేవాడికి కావాలి అది. మీరైతే దాంతో పని చెయ్యరు, దాన్ని మోస్తారు." గొంతు కొంచెం తగ్గించి, "మిషనుకు తగిలించే ఆ ఇరవైనాలుగు బిట్ల పెట్టె కూడా వద్దు. ఇరవై రెండు తుప్పు పడతాయి. రెండు చాలు మీకు" అన్నాడు.

తర్వాత మిషను ఆన్ చేసి, మాస్టారి చేతిమీద చెయ్యి వేసి నడిపించాడు. చెక్కను తొలిచే బిట్ తిరిగే దిక్కుకు ఎదురు నడవాలట. వెంట నడిస్తే మిషను చెయ్యి దాటి పరిగెడుతుందట. సన్నటి పొట్టు ఎగిరి మాస్టారి కళ్ళజోడు మీద వాలింది. పలకలో జానెడు గాడి, గీసినట్టు సూటిగా పడింది. ఆయన దాన్లో వేలు పెట్టి అటునించి ఇటు జరిపారు. గోరువెచ్చగా ఉంది.

బిల్లు రాసే పిల్ల పెట్టె కడుతుండగా, పక్కన కూర్చున్న యజమాని, "పెద్దది చూడలేదా సార్? మంచి మోడలు" అన్నాడు మర్యాదగా.

భార్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే వచ్చి దిండు సర్ది వెళ్ళే ఆయా ఒకావిడ ఉండేది. ఆవిడ గురించి ఎవరికీ ఒక్క మంచిమాట చెప్పకుండానే మాస్టారు ఇంటికి వచ్చేశారు. ఆ వెలితి తీరక, అప్పట్నించి ఎవరు ఏ పని బాగా చేసినా పైవాళ్ళ చెవిన వేసిగాని కదలరు.

"చూశానండీ. మీ మేస్త్రే వద్దన్నాడు. నా చెయ్యి పట్టి చూసి మరీ చెప్పాడు, చిన్నది చాలని. బిట్ల పెట్టె కూడా దండగన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి మనిషి దొరకడం మీ అదృష్టం" అన్నారు, నలుగురికీ వినపడేలా.

యజమాని నవ్వాడు. "అలాగాండీ. సంతోషం" అన్నాడు. బల్ల దగ్గర మేస్త్రి తల వంచుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడు కాబోలు అనుకున్నారు మాస్టారు.

బుధవారమంతా వెనకగదిలోనే గడిచింది. కొట్టిన మొదటి గాడి సూటిగానే వచ్చింది గాని, అంచులు నల్లగా మాడాయి. రెండోది కూడా అంతే. గది నిండా కాలిన చెక్క వాసన. డ్యూటీ నించి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగి, "పొయ్యిమీద ఏమైనా మర్చిపోయావా?" అంది.

"పొయ్యి వెలిగించనేలేదు."

"అంటే అన్నం కూడా లేదన్నమాట" అని బ్యాగు కుర్చీలో పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి నడిచింది. ఆమె నడకలో రోజంతా నిలబడ్డ అలసట కనిపిస్తూనే ఉంది. మాస్టారు వెనకే వెళ్ళి బియ్యం కడిగారు.

గురువారం మధ్యాహ్నం మాడిన ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళారు. బల్ల ఉంది, పలక ఉంది, మేస్త్రి లేడు. మిషన్ల మీద గుడ్డ కప్పి ఉంది.

"మేస్త్రి సెలవా అమ్మా?"

బిల్లు రాసే పిల్ల చుట్టూ చూసి మెల్లగా అంది. "గోడౌన్లో ఉన్నాడు సార్. పెట్టెలు దింపుతున్నాడు. మీరు ఆ రోజు మెచ్చుకుని వెళ్ళారా, దుకాణం మూసే ముందు ఓనరు పిలిచి మాట్లాడాడు. నిన్న పొద్దున్నించి అక్కడే."

తన మెప్పే అతన్ని అక్కడికి తోసిందని అర్థమయ్యాక మాస్టారు నిలబడ్డ చోట నిలబడలేకపోయారు. దుకాణం పక్కసందులో గోడౌన్. అక్కడిదాకా వెళ్ళి లోపలికి తొంగిచూశారు. మసక వెలుతురులో మేస్త్రి ఒక పెట్టె పొట్టకు ఆనించుకుని, మెట్టు దిగడానికి మోకాలు వంగక, పక్కకు తిరిగి ఒక్కో పాదమే దింపుతున్నాడు. పిలవకుండానే మాస్టారు వెనక్కి వచ్చేశారు.

సందు మొదట్లో టీ కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. నోరారా మెచ్చుకుని ఒక మనిషి పొట్టమీద కొట్టినట్టయింది. ఉన్నమాట చెప్పి ఊడగొట్టింది, లేనిమాట చెప్పే నిలబెట్టాలి. అరవై మూడేళ్ళలో ఆయన ఆడిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందులో ఎక్కువ భార్యతో, చివరి నెలలో, "తగ్గిపోతుందన్నారు" అని ఆడినవి.

మళ్ళీ దుకాణంలోకి వెళ్ళి యజమాని ఎదురుగా కూర్చున్నారు.

"మొన్న నేను ఒక పొరపాటు మాట అన్నానండీ. మీ మేస్త్రి నన్ను పెద్దదే తీసుకోమన్నాడు. నేనే మొండికేసి చిన్నది పట్టుకెళ్ళాను. తప్పు నామీద పడకుండా అతని పేరు చెప్పాను. ఇదిగో, చూడండి, మాడిపోయింది" అని చెక్కముక్క బల్లమీద పెట్టారు. చెవులు వేడెక్కాయి. "పెద్దది కూడా ఇప్పించండి."

యజమాని ఆ ముక్క వంకా ఆయన వంకా చూశాడు. చెడ్డవాడి మొహం కాదు. "అయ్యో, ఆ మాట ముందే చెప్పద్దా సార్? పాపం, అతన్ని అనవసరంగా నాలుగు మాటలన్నాను. అతనేమో ఈ చెక్కపొట్టు ఛాతీకి పడట్లేదని గోడౌన్‌కి పోతానన్నాడు. అలిగాడనుకుని ఊరుకున్నా." అప్పటికప్పుడే లేచి సందులోకి కేకేశాడు. "మేస్త్రీ, వచ్చెయ్. నాదే తప్పులే. సార్ అంతా చెప్పారు. నీ బల్ల దగ్గరికి నువ్వు వచ్చెయ్."

మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు. చొక్కానిండా దుమ్ము. యజమాని అతని భుజం తట్టి టీ తెప్పించాడు. మేస్త్రి మాస్టారి వంక ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో మాస్టారికి అంతుపట్టలేదు. అభిమానంగల మనిషి, అందరిముందూ ఏమంటాడు అని సరిపెట్టుకున్నారు. పెద్ద రౌటర్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చారు. దిగేసరికి తొడలు తిమ్మిరెక్కాయి గాని, మనసు తేలికగా ఉంది.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకు తలుపు చప్పుడైంది. కూతురు తీసింది. బయట మేస్త్రి, చేతిలో అన్నం డబ్బా సంచి.

"మాస్టారున్నారామ్మా? గ్యారంటీ కాగితం మీద అడ్రసు చూసి వచ్చాను."

మాస్టారు కంగారుగా ఎదురొచ్చి కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు. "ముందు ఆ మాడిన పలక చూపించండి. నిన్నట్నించి అదే నస" అన్నాడు.

వెనకగదిలో అతను మొదట పలకని లైటుకేసి పట్టి చూశాడు. గాడిలో గోరు పెట్టి గీకాడు. "భయపడి ఆగుతున్నారు మీరు. బిట్ తిరుగుతూ ఉంటే చెయ్యి ఆగిందా, అక్కడ కాల్చేస్తుంది. పైగా లోతంతా ఒకేసారి. నేను చెప్పలేదు, నా తప్పే. మూడుసార్లుగా దిగండి. చెయ్యి ఆపద్దు, తొందరా పడద్దు. మాట్లాడుకుంటూ నడిచినట్టు." చిన్న మిషను ఆయన చేతికిచ్చాడు. మాస్టారు నడిపారు. మూడు దఫాలకి గాడి పూర్తయింది. పచ్చి చెక్కరంగులో, ఎక్కడా మచ్చ లేకుండా.

"అంతే" అన్నాడు మేస్త్రి. పెట్టె విప్పకుండా గోడవారన ఉన్న పెద్ద రౌటర్ మీద అతని చూపు పడింది. అప్పుడు స్టూలు లాక్కుని, మోకాళ్ళు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, నన్ను గోడౌన్‌కి ఎవరూ పంపలేదు. నేనే అడిగి వెళ్ళాను."

మాస్టారు చేతిలోని మిషను బల్లమీద పెట్టేశారు.

"రెండేళ్ళయింది ఆ బల్ల దగ్గర చేరి. వచ్చినవాళ్ళ చెయ్యి చూసి, పని చూసి, ఏది కావాలో అదే చెప్పేవాణ్ణి. పదిమందిలో ఏడుగురికి చిన్నదే. ఈ బజారులో పెద్దవి కదలవు అనుకునేవాడు ఓనరు. నా మూలాన అని ఆయనకి తెలీదు. మీరు చెప్పారు."

"అయ్యో" అన్నారు మాస్టారు.

"మిమ్మల్ని అనట్లేదులెండి. ఆయనా గట్టిగా ఏం అనలేదు. నిన్ను చూపించమని పెట్టుకున్నా గాని ఎంచిపెట్టమని కాదు, ఇకమీదట అందరికీ పెద్దదే చెప్పు, బిట్ల పెట్టెతో సహా, అన్నాడు. ఆయన తిప్పలు ఆయనవి. సరే, గోడౌన్లో ఏదైనా పని ఉంటే చూడండి, ఈ చెక్కపొట్టు ఛాతీకి పడట్లేదు అన్నాను. ఒప్పుకున్నాడు. పొద్దున ఒక లారీ, సాయంత్రం ఒక లారీ. మధ్యలో కూర్చుని చీటీలు అంటించడమే. మోకాళ్ళు లాగుతాయి, నిజమే. రాత్రి పడుకుంటే మాత్రం నిద్రపడుతుంది."

"నేను వచ్చి దాన్ని కూడా..."

"మీరొచ్చారు, ఆయన నలుగురిలో తప్పు తనదేనన్నాడు, టీ తెప్పించాడు. ఇక కాదని ఎలా అనను?" మేస్త్రి అరచేతులు చూసుకున్నాడు. "ఇవాళ ఒకావిడ వచ్చింది. పిల్లలకి చెక్కబొమ్మలు చేస్తుందట. మణికట్టు ఇంతుంది. ఓనరు పక్కనే నిలబడ్డాడు. పెద్దదే తీసుకోండమ్మా అన్నాను. థాంక్స్ అన్నయ్యా అని వెళ్ళింది."

గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడ్డ కూతురు అంతా వింది. లోపలికి వచ్చి గ్లాసు మేస్త్రి చేతికిచ్చింది. అతను తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"నాకొక సాయం చెయ్యాలి మాస్టారూ. రేపు ఆ పెద్ద మిషను వాపసు పట్టుకురండి. మీ మేస్త్రి మాట విని మోసపోయాను, చెయ్యి విరిగేది, ఇలాంటివాణ్ణి ఎందుకు పెట్టుకున్నారు అనండి. పెద్దది చెబితే గొడవలొస్తున్నాయని ఆయనకి తోచాలి, ఆయనే నన్ను మళ్ళీ గోడౌన్‌కి పంపెయ్యాలి. ఆ బొమ్మలావిడ ఎలాగూ తిరిగొస్తుంది. మీరు ముందు అరిచి ఉంటే, ఆవిడకి నోరు పారేసుకునే పని లేకుండా మార్చి ఇచ్చేస్తారు."

"నీమీద ఫిర్యాదా? నేనా?"

"మీరే. మొన్న మెచ్చుకున్నంత గట్టిగా చెయ్యాలి మరి."

"ఏదీ, ఒకసారి అను నాన్నా" అంది కూతురు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఏమండీ, మీ మేస్త్రిగారు చెప్పినది..."

"గారేంటి నాన్నా?"

"మీ మేస్త్రి చెప్పినది నాకు అంతగా ఉపయోగపడలేదండీ."

మేస్త్రి నవ్వాపుకోలేక పొలమారి దగ్గాడు. "అలా అంటే ఇంకో మిషను అంటగడతాడు. బల్లమీద చెయ్యి చరచండి. నన్ను వాడు, వీడు అనండి. నేనేమీ అనుకోను."

"ముప్ఫై ఏళ్ళలో ఒక్క కుర్రాడి పేరు కూడా ప్రిన్సిపాలు దగ్గర చెప్పలేదయ్యా నేను."

"ఆ ముప్ఫై ఏళ్ళదీ కలిపి నామీద కక్కెయ్యండి" అన్నాడు మేస్త్రి. భోజనం చేసి వెళ్ళమంటే, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంకొక్క మాట. అయ్యాక జాలిపడి మళ్ళీ సర్దిచెప్పడానికి రావద్దు" అన్నాడు.

శనివారం దుకాణం మూసే వేళకు కొంచెం ముందు మాస్టారు సీలు విప్పిన పెట్టె మోసుకుంటూ వెళ్ళారు. లోపల ముగ్గురు నలుగురు ఉన్నారు. మేస్త్రి బల్ల దగ్గర ఎవరికో డ్రిల్లు చూపిస్తున్నాడు. మాస్టారు పెట్టెను కౌంటరు మీద పెట్టారు. అనుకున్నదానికంటే పెద్ద చప్పుడే అయింది.

"వాపసు తీసుకోండి."

"ఏమైంది సార్?"

"మీ మేస్త్రి మాట విన్నందుకు నాకు శాస్తి అయింది." గొంతు వణికింది. యజమాని అది కోపమనుకున్నాడు. "ఈ చెయ్యి చూడండి. ఈ చేతికి అంత మిషనా? ఆన్ చేస్తే ఎగిరిపడింది. తృటిలో తప్పింది. చెప్పేవాడికి బుద్ధుండద్దా?"

చూపుతూ చూపుతూ తన చెయ్యి తనే చూసుకున్నారాయన. అరిగిన కీలు, ఉబ్బిన బొటనవేలు. ఎక్కడినించి వచ్చిందో, ఆయనకే తెలియని కోపం నిజంగానే వచ్చింది. "ఎవరొచ్చినా పెద్దదే అంటున్నాడట. ఆడవాళ్ళకి, ముసలాళ్ళకి, అందరికీ. రేపు ఎవరి వేళ్ళో తెగుతాయి. అప్పుడు ఎవరిది పూచీ? మీదా, అతనిదా? ఈ బల్ల దగ్గర ఉండదగ్గ మనిషేనా ఇతను?" కౌంటరు మీద అరచెయ్యి చరిచారు. నొప్పి మోచేతిదాకా పాకింది.

డ్రిల్లు చూస్తున్నాయన దాన్ని మెల్లగా కింద పెట్టేశాడు.

యజమాని మొహం వాడింది. "మీరు కూర్చోండి సార్. మార్చేద్దాం, ఏం ఫర్వాలేదు" అని పెట్టె తెరిచి చూసి, వాపసు కాగితం మీద తనే సంతకం పెట్టాడు. తర్వాత బల్లవైపు తిరిగి, "మేస్త్రీ, నీకు ఏ మాటా సరిగ్గా ఎక్కదా? ఎవరికి ఏది చెప్పాలో తెలీకపోతే ఎలా? గోడౌన్ చూసుకో ఇక. ఇక్కడ నేనే చెప్పుకుంటా" అన్నాడు అలసటగా.

మేస్త్రి డ్రిల్లుకున్న బిట్ విప్పి తుడిచాడు. బల్లమీది పొట్టు డబ్బాలోకి ఎత్తాడు. మిషన్ల మీద గుడ్డ కప్పి, నాలుగు కొసలూ సమంగా లాగాడు. అన్నం డబ్బా సంచి తీసుకుని మాస్టారి పక్కనించే, మొహం చూడకుండా, నెమ్మదిగా నడిచి వెళ్ళాడు.

బిల్లు రాసే పిల్ల కాగితం అందించేటప్పుడు మాస్టారి చేతికివ్వలేదు. కౌంటరు మీద పడేసింది. "పెద్దవాళ్ళు, మీరిలా చేస్తారనుకోలేదు సార్" అంది, ఆయనొక్కరికే వినపడేలా. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. మేస్త్రికోసం కళ్ళు ఎర్రబరుచుకునే మనిషి ఒకరైనా ఆ దుకాణంలో ఉన్నారని మాస్టారికి తోచింది. ఆ మాట యజమానితో చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చారు.

బస్సు స్టాపు సందుకు ఎదురుగా ఉంది. మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు. చెయ్యి ఇంకా సలుపుతోంది. బజారులో ఒక్కొక్కటే దీపాలారుతున్నాయి. గోడౌన్ ముందు సాయంత్రపు లారీ ఖాళీ అయి వెళ్ళిపోయింది. లోపల బల్బు వెలుగులో మేస్త్రి ఒక పెట్టె మీద కూర్చుని చీటీలు అంటిస్తున్నాడు. ఒక చీటీ వంకరగా పడ్డట్టుంది, గోటితో మెల్లగా లేపి, మళ్ళీ సూటిగా అంటించి, అరచేత్తో అదిమాడు.

బస్సు వచ్చింది. మాస్టారు లేవలేదు. అది వెళ్ళిపోయాక చూస్తే మేస్త్రి లేచి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు రెండూ ఒకసారి రుద్దుకున్నాడు. బల్బు ఆర్పాడు. బయటికి వచ్చి, చెక్కతలుపు రెక్కలు రెండూ దగ్గరకు లాగి, కింద ఒరుసుకోకుండా ఒక రెక్కను కాస్త పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా మూశాడు.